కాలి గోరు, మత్తు సూది: గోటితో పోయేది గొడ్డలి దాకా ఎలా వెళ్తుంది

కాలి బొటనవేలి గోరు అంచు కండలోకి దిగబడితే మొదట్లో బూటు వేసుకున్నప్పుడే నొప్పి తెలుస్తుంది. కొన్నాళ్లకు రాత్రి దుప్పటి తగిలినా ప్రాణం విలవిల్లాడుతుంది. ఆపైన చీము, గోరు పక్కనే ఎర్రగా పొంగుకొచ్చే కండ. దీనికి చేసే చికిత్స చాలా చిన్నది. వేలికి మత్తు ఇచ్చి, లోపలికి దిగిన గోరు ముక్కను నిలువునా కోసి లాగేస్తారు. మత్తు ఎక్కాక పని పది పదిహేను నిమిషాలు. పేషెంట్ తన కాళ్ల మీదే ఇంటికి వెళ్తాడు. అయినా నెలల తరబడి చెప్పులు ఈడ్చుకుంటూ ఆఫీసుకు వెళ్లేవాళ్లు, ఇంట్లో బ్లేడుతో గోరు మూలలు తామే కోసుకునేవాళ్లు ఎందరో ఉంటారు. ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదని అడిగితే వాళ్లలో చాలామంది కోత గురించి మాట్లాడరు, వేలి మొదట్లో పొడిచే సూది గురించే చెబుతారు.

ఇది అరుదైన భయమేమీ కాదు. 2019లో జర్నల్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ నర్సింగ్‌లో వచ్చిన ఒక సమీక్ష అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. టీనేజీ పిల్లల్లో 20 నుంచి 50 శాతం మందికి, యువతలో 20 నుంచి 30 శాతం మందికి సూది భయం ఉంటుందని అంచనా వేసింది. గోరు లోపలికి పెరిగే సమస్య కూడా ఎక్కువగా ఈ వయసులోనే వస్తుంది. బిగుతు బూట్లు, చెమట పట్టే పాదాలు, మూలలు గుండ్రంగా లోతుకు కత్తిరించే అలవాటు, ఆటల్లో వేలికి తగిలే దెబ్బలు, ఇవన్నీ ఆ వయసు సరుకే.

మన ఇళ్లలో సూది మీద చిత్రమైన ధోరణి ఉంది. జ్వరమొస్తే "ఒక సూది వేయండి డాక్టరు గారూ, తొందరగా తగ్గిపోతుంది" అని ఆర్ఎంపీని అడుగుతాం. పిల్లాడు అన్నం తినకపోతే "ఉండు, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి సూది వేయిస్తా" అని బెదిరిస్తాం. పెద్దవాళ్లకు మందు, పిల్లలకు శిక్ష. ఆ పిల్లాడు పెద్దయ్యాక భయం పోకపోతే నవ్వుతాం, మగవాడైతే ఇంకాస్త ఎక్కువ నవ్వుతాం. అందుకే చాలామంది భయాన్ని డాక్టరుకు కూడా చెప్పరు. "ఆఫీసులో సెలవు దొరకలేదండీ" అని అపాయింట్‌మెంట్ వాయిదా వేస్తారు.

ఈ భయాన్ని సులువు చేయబోయి మనవాళ్లు వాడే మాట "చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే". చేతికి వేసే టీకా విషయంలో అది సుమారుగా నిజం. కాలి వేలికి ఇచ్చే మత్తు ఇంజెక్షన్ విషయంలో నిజం కాదు. అక్కడ చర్మం కింద ఖాళీ తక్కువ. మందు లోపలికి వెళ్తుంటే వేలు పగిలిపోతున్నట్టు ఒత్తిడి, మంట తెలుస్తాయి. చీమ అని చెప్పి తేలు కుట్టిస్తే ఆ మనిషి ఇంకెప్పుడూ ఆ క్లినిక్ గడప తొక్కడు. "నిమిషం, రెండు నిమిషాలు బాగానే మంట పుడుతుంది, తర్వాత అసలు నొప్పే ఉండదు" అని ఉన్నదున్నట్టు చెప్పిన డాక్టరు మీదే నమ్మకం నిలుస్తుంది.

ఒక పేరు, రెండు భయాలు

సూది భయం అని మనం ఒకే పేరుతో పిలిచేదాంట్లో నిజానికి రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. వీటిని విడదీయకపోవడమే చాలా సలహాలు పనిచేయకపోవడానికి కారణం.

మొదటిది నొప్పి భయం. గుండె దడదడ కొట్టుకుంటుంది, చేతులు చెమట పడతాయి, పారిపోవాలనిపిస్తుంది. ఈ మనిషి స్పృహ మాత్రం తప్పడు. ఇతనికి ఊపిరి నెమ్మదిగా వదలడం, ఒళ్లు వదులు చేయడం, ఫోన్‌లో ఏదైనా చూడటం, పక్కవాళ్లతో మాట్లాడటం బాగా పనిచేస్తాయి.

రెండోది కళ్లు తిరిగే రకం. సూదిని చూడగానే, ఒక్కోసారి ఆసుపత్రి వాసన తగలగానే ముందు గుండె వేగం, బీపీ పెరుగుతాయి. ఆ వెంటనే రెండూ ఒక్కసారిగా పడిపోతాయి. మెదడుకు రక్తం తగ్గి, చెవుల్లో హోరు, కళ్లు బైర్లు కమ్మడం, చల్లటి చెమట, ఆపైన సొమ్మసిల్లడం. బొద్దింకంటేనో ఎత్తు అంటేనో భయపడేవాళ్లు భయంతో పడిపోవడం అరుదు. రక్తం, గాయం, సూది విషయంలోనే ఇలా జరుగుతుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1994లో తెచ్చిన, మానసిక రుగ్మతలను వర్గీకరించే డీఎస్ఎం అనే పుస్తకం నాలుగో కూర్పు అందుకే దీన్ని భయాల్లో విడిగా ఒక రకంగా చూపింది. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. తండ్రికి ఉంటే కొడుక్కో కూతురికో ఉండే అవకాశం ఎక్కువ. ధైర్యానికీ దీనికీ సంబంధం లేదు, శరీరం ప్రతిస్పందించే తీరే అంత. పోలీసుల్లో, ఆటగాళ్లలో కూడా ఇలా పడిపోయేవాళ్లు ఉంటారు.

ఈ రెండో రకం మనిషికి "రిలాక్స్ అవ్వండి, ఒళ్లు వదులు చేయండి" అని చెప్పడం మంచి కంటే చెడే ఎక్కువ చేయవచ్చు. పడిపోబోతున్న బీపీని ఇంకా కిందికి తోసినట్టవుతుంది. ఇతనికి కావలసింది సరిగ్గా దానికి ఎదురు పని.

స్వీడన్‌కు చెందిన మనస్తత్వవేత్త లార్స్-గోరన్ ఓస్ట్ 1980ల్లో ఈ ఎదురు పనికి ఒక పద్ధతి రూపొందించాడు. 1987లో ఉల్ఫ్ స్టెర్నర్‌తో కలిసి దాన్ని ప్రచురించాడు. ఇంగ్లిష్‌లో అప్లైడ్ టెన్షన్ అంటారు. మనం మాటల్లో వాడే టెన్షన్ ఇది కాదు, కండరాల బిగింపు. చేతులు, తొడలు, పొట్ట కండరాలను ఒకేసారి గట్టిగా బిగించి, ముఖంలోకి వెచ్చదనం వచ్చేదాకా, అంటే 10 నుంచి 15 సెకన్లు పట్టి ఉంచాలి. తర్వాత వదిలి 20, 30 సెకన్లు మామూలుగా ఉండాలి. పూర్తిగా వాలిపోకూడదు, మామూలు స్థితికి వస్తే చాలు. మళ్లీ బిగించాలి. ఇలా అయిదుసార్లు. బిగించినప్పుడు బీపీ కాస్త పెరుగుతుంది, అదే మనిషిని నిలబెడుతుంది. రక్తదానంలో కళ్లు తిరిగేవాళ్లకు కూడా ఇదే నేర్పుతున్నారు. ఆసుపత్రిలో మొదటిసారి చేయబోతే కుదరదు. వారం పది రోజులు ఇంట్లో రోజూ కాసేపు అలవాటు చేసుకుంటేనే అవసరమైన క్షణంలో ఒళ్లు మాట వింటుంది. గుండె జబ్బు, హైబీపీ, గర్భం ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

పాదం విషయంలో చిన్న మార్పు ఉంది. సూది పడే కాలిని బిగిస్తే డాక్టరు పని కష్టమవుతుంది, నొప్పీ పెరుగుతుంది. అందుకని ఆ కాలిని వదులుగా ఉంచి చేతులు, పొట్ట, రెండో తొడ మాత్రమే బిగించాలి. ఇది కూడా ముందే సాధన చేయాల్సిన పనే. ఒక కాలు వదిలేసి మిగతా ఒళ్లు బిగించడం చెప్పినంత తేలిక కాదు.

ఇంతకంటే సులువైన జాగ్రత్త ఇంకొకటి ఉంది, పడుకోవడం. చాలా చిన్న క్లినిక్‌లలో పేషెంట్‌ను కుర్చీలో కూర్చోబెట్టి కాలు స్టూలు మీద పెట్టిస్తారు. కళ్లు తిరిగే మనిషికి అది సరిపడని భంగిమ. బల్ల మీద వెల్లకిలా పడుకుంటే తల, గుండె, కాళ్లు ఒకే ఎత్తులో ఉంటాయి, స్పృహ తప్పే అవకాశం బాగా తగ్గుతుంది. ఒకవేళ తప్పినా కింద పడి తల పగిలే ప్రమాదం ఉండదు. దీనికి ఖర్చు లేదు, మందు లేదు. "పడుకోబెట్టి చేయండి" అని అడిగితే కాదనే డాక్టరు ఉండడు.

ఆ రెండు నిమిషాల్లో ఏం జరుగుతుంది

తెలియని దాని మీద భయం రెట్టింపు అవుతుంది కాబట్టి సూది సంగతి వివరంగానే చూద్దాం. ఒక్కో కాలి వేలికి నాలుగు సన్నని నరాలు వెళ్తాయి, పైవైపు రెండు, అరికాలి వైపు రెండు. వాటిని వేలి మొదట్లోనే మొద్దుబారిస్తే వేలంతటికీ స్పర్శ తెలియదు. దీన్ని డిజిటల్ బ్లాక్ అంటారు. సూదిని వేలి పైవైపు నుంచి ఒక పక్క ఒకసారి, రెండో పక్క ఒకసారి గుచ్చుతారు. నొప్పి పుట్టిన గోరు దగ్గర గుచ్చరు. ఈ ఒక్క మాట ముందే తెలిస్తే సగం మంది భయం తగ్గుతుంది, ఎందుకంటే చాలామంది చీము పట్టిన ఆ మూలలోనే పొడుస్తారని ఊహించుకుని హడలిపోతుంటారు. అరికాలి వైపు నుంచి గుచ్చకపోవడానికీ కారణం ఉంది. అక్కడ చర్మం మందం, నొప్పి కూడా ఎక్కువ.

వాడే మందు ఎక్కువగా లిగ్నోకైన్, మన ఆసుపత్రుల్లో అందరికీ తెలిసిన పేరు జైలోకైన్. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ దీన్ని తయారుచేశారు. ఆస్ట్రా కంపెనీ 1948లో మార్కెట్లోకి తెచ్చింది. కొత్త మందు పనిచేస్తుందో లేదో చూడటానికి లుండ్‌క్విస్ట్ తన మీద తనే సూదులు పొడుచుకున్నాడు. చర్మాన్ని మొద్దుబార్చే క్రీమ్ కూడా ఆ ఆస్ట్రాదే, బిగింపు పద్ధతీ స్వీడన్‌దే. సూది భయస్థులు ఆ దేశానికి చాలానే బాకీ.

మందు మంట పుట్టించడానికి ప్రధాన కారణం దాని ఆమ్లగుణం. ఆమ్లగుణాన్ని పీహెచ్ అంకెతో కొలుస్తారు, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. శరీరం పీహెచ్ 7.4 అయితే సీసాలోని లిగ్నోకైన్‌ది అంతకంటే తక్కువ, అడ్రినలిన్ కలిపిన రకానిది ఇంకా తక్కువ. కొద్దిగా సోడియం బైకార్బొనేట్ కలిపితే మంట తగ్గుతుందని పరిశోధనలు చూపాయి. మందును ఒంటి వేడికి తేవడం, అన్నిటికంటే ముఖ్యంగా నెమ్మదిగా ఎక్కించడం కూడా పనిచేస్తాయి. హడావిడి క్లినిక్‌లో పది సెకన్లలో తోసేసే మందును నిదానంగా నిమిషం పాటు ఎక్కిస్తే వేలు పగిలినట్టుండే ఆ ఒత్తిడి చాలా తగ్గుతుంది. సూది మందం కూడా అడగదగ్గ విషయమే. గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం. 30 గేజ్ సూది 24 గేజ్ సూది కంటే చాలా సన్నగా ఉంటుంది.

మొద్దుబార్చే క్రీమ్ గురించి కొంచెం వాస్తవంగా ఆలోచించాలి. లిగ్నోకైన్, ప్రిలోకైన్ చెరి 2.5 శాతం కలిసిన ఈ క్రీమ్‌ను మందంగా రాసి, పైన ప్లాస్టిక్ పొర అంటించి గంటసేపు ఉంచాలి. అప్పుడు చర్మంలోకి కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. గుచ్చుకోవడం తెలియకుండా చేస్తుంది, లోపల మందు వ్యాపించే ఒత్తిడిని ఆపలేదు. అయిదు నిమిషాల ముందు పల్చగా రాసి "క్రీమ్ రాశాంగా, నొప్పి ఉండదు" అంటే ఆ క్రీమ్ ఉన్నా లేనట్టే.

సూది తీశాక అయిదు పది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత డాక్టరు ఫోర్సెప్స్‌తో గిల్లి చూస్తారు. ఇక్కడే చాలామంది కంగారుపడతారు, వేలిని ముట్టుకుంటున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది కాబట్టి. "మత్తు ఎక్కలేదు, ఆపండి" అని అరుస్తారు. లిగ్నోకైన్ నొప్పిని మోసే సన్నని నరపు పోగులను ముందు పడుకోబెడుతుంది. ఒత్తిడిని మోసే లావు పోగులు కొంత మేలుకునే ఉంటాయి. లాగినట్టు తెలియడం మామూలే, పదునుగా నొప్పి తెలిస్తే మాత్రం వెంటనే చెప్పాలి. ఇంకొంచెం మందు ఇస్తారు, ఆ రెండోసారి సూది చాలావరకు తెలియదు.

వాయిదా ఏం చేస్తుంది

భయం వల్ల జరిగే అసలు నష్టం ఇక్కడుంది. చీము పట్టిన కండలో ఆమ్లగుణం పెరుగుతుంది, అలాంటి చోట లిగ్నోకైన్ నరంలోకి సరిగ్గా చొరబడలేదు. ఇన్ఫెక్షన్ గోరు అంచుకే పరిమితమైనంతకాలం వేలి మొదట్లో ఇచ్చే మత్తుకు ఇబ్బంది లేదు. వాపు వేలి మొదటిదాకా పాకితే అదే సూది ఎక్కువ నొప్పి పుట్టిస్తుంది, మందు తక్కువ పనిచేస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నది అప్పుడు అక్షరాలా నిజమవుతుంది. సూదికి భయపడి వాయిదా వేసిన మనిషి, వాయిదా వల్లే మరింత బాధాకరమైన సూదికి తయారవుతున్నాడన్నమాట.

నిమ్మకాయకు కన్నం పెట్టి వేలికి తొడగడం, పసుపు, సున్నం, గోరింటాకు ముద్ద, ఇలా ఇంటి వైద్యాలు చాలానే ఉన్నాయి. అవి చేతి వేళ్ల గోరుచుట్టుకు అలవాటైనవి. కండలో దిగిన గోరు ముక్క ముల్లు లాంటిది, అది ఉన్నంతకాలం పైన ఏం రాసినా పుండు మానదు. యాంటీబయాటిక్ మాత్రలు కూడా అంతే, చీము తగ్గి మళ్లీ వస్తుంది.

అయితే ప్రతి పాదం సమస్యకూ సూది అక్కర్లేదు. నొప్పి, కొద్దిపాటి ఎరుపు మాత్రమే ఉన్న తొలి దశలో గోరువెచ్చని నీళ్లలో పాదం నానబెట్టి, గోరు మూల కింద చిన్న దూది పోగు పెట్టి, కండను టేపుతో పక్కకు లాగి ఉంచితే చాలామందికి సరిపోతుంది. ఆనెకాయలను డాక్టరు పైపైన చెక్కేస్తారు, దానికి మత్తే వద్దు. పులిపిర్లకు శాలిసిలిక్ ఆమ్లం, ద్రవ నైట్రోజన్ ఉన్నాయి. సూది భయం ఉన్నవాళ్లే అందరికంటే ముందు డాక్టరు దగ్గరకు వెళ్లాలన్నది వింతగా తోస్తుంది కానీ లెక్క ప్రకారం అదే సరైనది. తొలి వారాల్లో వెళ్తేనే సూది లేని దారులు తెరిచి ఉంటాయి.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. వాళ్లలో పాదానికి స్పర్శ తగ్గినవాళ్లకు నొప్పి కూడా సరిగా తెలియదు, పుండు నిదానంగా మానుతుంది. బ్లేడు, ఆనెకాయ పట్టీలు, నిమ్మకాయ, ఏవీ వద్దు. ముందు పాదంలో రక్తప్రసరణ, షుగర్ చూపించుకుని, ఆ తర్వాతే గోరు సంగతి.

క్లినిక్‌లో అడగాల్సినవి

అన్నిటికంటే ముందు అడగాల్సింది "మొత్తం ఎన్ని సూదులు?" అని. మన దగ్గర మత్తుకు రెండు పోట్లతో ఆగకపోవచ్చు. ఇప్పటికీ చాలా ఆసుపత్రుల్లో జైలోకైన్‌కు ముంజేతి మీద టెస్ట్ డోస్ ఇస్తారు. లిగ్నోకైన్‌కు నిజమైన అలర్జీ చాలా అరుదు. ఇంతకుముందు పన్ను పీకించుకున్నప్పుడో కుట్లు వేయించుకున్నప్పుడో ఈ మందు పడిందని చెబితే ఆ పోటు తప్పవచ్చు. ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంకొకటి. ఈమధ్యే వేయించుకుని ఉంటే కాగితం చూపిస్తే సరిపోతుంది. ఆఖర్లో నొప్పికో యాంటీబయాటిక్‌కో ఇచ్చే ఇంజెక్షన్, దాని బదులు మాత్రలు ఇవ్వవచ్చా అని అడగడంలో తప్పులేదు. అయిదు పోట్లు రెండుకు దిగితే అది చిన్న తేడా కాదు.

తర్వాత చెప్పాల్సింది భయం ఏ రకమో. "నాకు సూదంటే భయం" అన్నదానికంటే "సూది చూస్తే కళ్లు తిరుగుతాయి, ఇంతకుముందు ఒకసారి పడిపోయాను" అన్నది డాక్టరుకు ఉపయోగపడే సమాచారం. సిరంజిలోకి మందు తీసే పని కంటికి కనబడకుండా చేయమనవచ్చు. చేయి ఎత్తితే ఆపాలని ముందే ఒప్పందం చేసుకోవచ్చు. విచిత్రమేమిటంటే, ఆపించే హక్కు ఉందని తెలిసినవాళ్లు దాన్ని వాడుకోవడం తక్కువ.

భయం మరీ తీవ్రమైతే సైకాలజిస్టు దగ్గర క్రమంగా అలవాటు చేసే చికిత్స ఉంది. ముందు ఫొటో, తర్వాత కవర్లో ఉన్న సిరంజి, తర్వాత చేతిలో పట్టుకోవడం, ఇలా మెట్టు మెట్టుగా. ఓస్ట్ దీన్ని మూడు గంటల ఒకే సెషన్‌గా కూడా రూపొందించాడు. గోరు ఆపరేషన్‌కు సాధారణంగా ఒకటి రెండు వారాల వ్యవధి ఉంటుంది కాబట్టి ఆ సమయాన్ని దీనికి వాడుకోవచ్చు. మందుల షాపులో సొంతంగా నిద్రమాత్ర కొని మింగి వెళ్లడం మాత్రం వద్దు. దానివల్ల భయం మందగించవచ్చు కానీ స్పృహ తప్పడం ఆగదు.

ఆ రోజు పొద్దున్న కడుపు మాడ్చుకుని వెళ్లేవాళ్లు చాలామంది, ఆపరేషన్ అంటే ఏమీ తినకూడదన్న నమ్మకంతో. వేలికి మాత్రమే మత్తు ఇచ్చే పనికి, డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప, ఉపవాసం అక్కర్లేదు. పైగా ఖాళీ కడుపు, తాగని నీళ్లు కళ్లు తిరగడానికి దగ్గరి చుట్టాలు. రెండు ఇడ్లీలు తిని, నీళ్లు బాగా తాగి వెళ్లాలి. ముందు తెరిచి ఉండే చెప్పులు వేసుకోవాలి, తోడుగా ఒకరిని తీసుకెళ్లాలి. మొద్దుబారిన కాలితో బైక్ బ్రేకు తొక్కడం మంచిది కాదు.

మత్తు గంట, రెండు గంటల్లో దిగుతుంది. అది పూర్తిగా దిగకముందే డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకోవాలి, దిగాక వేసుకుంటే అది పనిచేసేలోపు ఓ గంట వృథాగా బాధపడాల్సి వస్తుంది. మొదటి రోజు కాలు ఎత్తుమీద పెట్టుకోవాలి. కట్టు పుండుకు అతుక్కుపోతే లాగకుండా గోరువెచ్చని నీళ్లతో తడిపితే అదే ఊడుతుంది. ఆ పక్క గోరు మళ్లీ పెరగకుండా, గోరు పుట్టే చోట ఫినాల్ అనే రసాయనం పెట్టి ఉంటే కొన్ని వారాలు పల్చటి రసి కారుతుంది, అది చీము కాదు. ఎరుపు పాదం మీదికి పాకినా, జ్వరమొచ్చినా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినా వెంటనే వెళ్లాలి. ఫినాల్ పెట్టించుకోవాలా వద్దా అన్నది సూది భయం ఉన్నవాళ్లు ముందే మాట్లాడుకోవాల్సిన విషయం. గోరు ముక్క తీసి వదిలేస్తే అదే పక్క మళ్లీ దిగబడి, మళ్లీ సూది దాకా వచ్చే అవకాశం ఎక్కువ. ఫినాల్ పెడితే ఆ పక్క గోరు శాశ్వతంగా కాస్త సన్నబడుతుంది, తిరిగి రావడం బాగా తగ్గుతుంది. రెండు కాళ్లకూ సమస్య ఉంటే, షుగర్, రక్తప్రసరణ ఇబ్బందులు లేనివాళ్లు రెండూ ఒకే రోజు చేయించుకోవచ్చా అని అడగడం మేలు. మొదటి కాలు అయ్యాక రెండోదానికి తేదీ తీసుకుని, ఆ తేదీని వాయిదా వేస్తూ పోయేవాళ్లు తక్కువేం కాదు.